మతిమరుపులో జబ్బు వాటా ఎంత, నిద్ర వాటా ఎంత: ఒక లూయీ బాడీ కేసు

మతిమరుపుతో వచ్చిన పెద్దవాళ్లకు మనం జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి, మార్కులు వేసి, స్కాన్ చూసి, జబ్బు పేరు చెబుతాం. ఆ మార్కులు మెదడు జబ్బు వల్ల ఎంత తగ్గాయి, చెడిపోయిన నిద్ర వల్ల ఎంత తగ్గాయి అని విడదీసి చూడటం మాత్రం ఓపీలో చాలా అరుదు. లూయీ బాడీ డిమెన్షియా (మెదడు కణాల్లో ఒక ప్రొటీన్ ముద్దలుగా పేరుకుని వచ్చే మతిమరుపు జబ్బు) ఉన్న ఈ కేసులో ఆ పని కొంతవరకు కుదిరింది. జూనియర్ డాక్టర్లకూ, ఇంట్లో ఇలాంటివాళ్లను చూసుకునేవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకుంది. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

డెబ్బై దాటిన రైతు. రాయలసీమలో మెట్ట సేద్యం, ఎక్కువగా వేరుశనగ. ఏడో తరగతి వరకు చదివారు. బీపీ ఉంది, షుగర్ లేదు. తాగుడు, పొగ అలవాట్లు లేవు. భార్య, కొడుకు, కోడలితో ఉంటారు. ఈ వ్యాసంలో ఆయన్ని పెద్దాయన అంటాను.

నా దగ్గరికి వచ్చేసరికే ఆల్జీమర్స్ అని ఒకచోట చెప్పి ఉన్నారు. బీపీ మాత్ర కాకుండా ఇంకో రెండు మందులు వాడుతున్నారు. చేతులు బిగుసుకుపోతున్నాయని ట్రైహెక్సీఫెనిడిల్, రాత్రి నిద్ర లేదని ఆల్ప్రజోలామ్. దేనికదే చూస్తే రెండిటికీ కారణం ఉంది. కానీ బిగుసుకున్న చేతులు, చెడిన నిద్ర, మతిమరుపు ఒకే కథలో భాగాలేమో అని చూడాల్సిన అవసరం ఉంది.

తెచ్చిన సమస్య

కొడుకు చెప్పింది పగటి కథ. ‘మా నాయన అడిగిందే అడుగుతాడు సార్. ఒకరోజు బాగుంటాడు, లెక్కలన్నీ చెప్తాడు. మర్నాడు మనిషే కాదు, పొద్దంతా మబ్బుగా కూర్చుంటాడు.’ పెరట్లో ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారని, వాళ్లకు అన్నం పెట్టమని చెబుతున్నారట. చొక్కా తిరగేసి తొడుక్కుంటున్నారు. గేటు తాళం కప్పలో తాళంచెవి పెట్టలేకపోతున్నారు. కానీ నిరుడు ఎన్ని బస్తాలు పండాయో, బ్యాంకులో ఎంత కట్టాలో అడిగితే, బాగున్న రోజున తడుముకోకుండా చెప్పారు.

ఇక్కడే నాకు అనుమానం మొదలైంది. మామూలుగా కనిపించే ఆల్జీమర్స్‌లో ముందు పోయేది కొత్త జ్ఞాపకం. ఈయనకు జ్ఞాపకం కన్నా కంటికి, చేతికి మధ్య ఉండే అంచనా ఎక్కువ దెబ్బతింది. పైగా రోజుకో తీరుగా ఉంటున్నారు.

భార్యను విడిగా కూర్చోబెట్టి రాత్రుల గురించి అడిగాను. ఇది నేను ప్రతి కేసులోనూ చేస్తాను. రోగికి తన రాత్రి తెలియదు, కొడుకూ కోడళ్లూ వేరే గదిలో ఉంటారు. ఆమె చెప్పిన మాటలు కేస్ షీట్‌లో ఉన్నవి ఉన్నట్టే రాసుకున్నాను: ‘ఆయప్ప నిద్దర్లో అడివి పందుల్ని తోల్తాడు సార్. కేకలేస్తాడు, కాళ్లతో తంతాడు. పదేండ్ల పైనే అయింది. నేను వేరే మంచానికి మారి చానా కాలమైంది.’ ఎవరో గాలి సోకిందంటే తాయెత్తు కట్టించారు. ఒకసారి మంచం మీంచి పడి కనుబొమ్మ చిట్లింది. గురక సంగతి అడిగితే, మధ్యలో ఊపిరి ఆగినట్టుంటుందని, అప్పుడు తానే తట్టి లేపుతానని చెప్పింది. పోపు మాడినా ఆయనకు వాసన తెలియడం లేదని, మలబద్ధకం ఎన్నో ఏళ్లుగా ఉందని కూడా ఆమె ద్వారానే తెలిసింది.

కల కనే నిద్రలో, అంటే రెమ్ నిద్రలో, మన కండరాలు సడలిపోయి ఉండాలి. కలలో పరుగెత్తినా కాలు కదలకూడదు. ఆ తాళం ఊడిపోతే మనిషి కలను చేతుల్తో, కాళ్లతో ఆడేస్తాడు. దీన్ని రెమ్ నిద్ర ప్రవర్తన లోపం, పొట్టిగా ఆర్‌బీడీ అంటాం. 1986లో అమెరికాలోని మినియాపొలిస్‌లో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ బృందం దీన్ని ఒక జబ్బుగా వర్ణించింది. ఆ తర్వాత తేలిన విషయం చాలా ముఖ్యమైంది. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, వేరే కారణం లేకుండా ఆర్‌బీడీ ఉన్న 1280 మందిని అనేక దేశాల్లోని 24 కేంద్రాలు గమనించాయి. పన్నెండేళ్లు తిరిగేసరికి దాదాపు 73 శాతం మందికి పార్కిన్సన్స్ గానీ, లూయీ బాడీ డిమెన్షియా గానీ, అదే కోవలోని ఇంకో జబ్బు గానీ వస్తుందని లెక్క తేలింది. పెద్దాయన పందుల్ని తోలడం మతిమరుపు కన్నా ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. జబ్బు మొదలైన తేదీ కొడుకు చెప్పినది కాదు, భార్య చెప్పినదే.

2017 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, డిమెన్షియా ఉన్న మనిషిలో నాలుగు ముఖ్య లక్షణాలు చూస్తాం. తెలివి రోజుకో తీరుగా మారడం, లేనివి కనిపించడం, ఆర్‌బీడీ, పార్కిన్సన్స్ తరహా బిగుతు. రెండున్నా లూయీ బాడీ డిమెన్షియా అయ్యే అవకాశం ఎక్కువ అంటాం. ఈయనలో నాలుగూ కనిపిస్తున్నాయి. థైరాయిడ్, బీ12 మామూలుగానే ఉన్నాయి. ఎమ్మారైలో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ వయసుకు తగ్గట్టే ఉంది.

మొదటి పరీక్ష

జ్ఞాపకం, ఏకాగ్రత, భాష వంటివి కొలిచే ఏసీఈ-3 పరీక్ష, తెలుగులో వాడుకలో ఉన్నది, పెట్టాం. నూటికి 58 వచ్చాయి. మొత్తం కన్నా లోపలి తీరు ముఖ్యం. ముందు నేర్పిన పేరు, చిరునామాలో ఏడు అంశాలకు గాను తనంతట తాను చెప్పింది ఒకటే. కానీ ఎంపికలు ఇచ్చి ‘ఇదా, అదా?’ అని అడిగితే అయిదింటిలో నాలుగు పట్టుకున్నారు. అంటే విషయం లోపలికి వెళ్లింది, బయటికి తీయడం రావడం లేదు. గడియారం బొమ్మలో అంకెలన్నీ ఒక పక్కకే పోయాయి. నూరులోంచి ఏడేసి తీసేయమంటే రెండో అడుగులో ఆగిపోయారు.

ఈ పరీక్షను అదే వారంలో మళ్లీ పెట్టకుండా, ఒక నియమం పెట్టుకున్నాం. ఇకమీద ప్రతిసారీ ఉదయం పది గంటలకే, పేరు-చిరునామా మార్చిన వేరే ప్రతితో, ముందు రాత్రి ఎలా గడిచిందో రాసుకున్నాకే పరీక్ష. రోజుకో తీరుగా ఉండే జబ్బులో ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం కొలిస్తే ఏ మార్పు దేనివల్లో ఎప్పటికీ తెలియదు.

ముందు ఏది చేయాలి

కుటుంబం మతిమరుపుకు మందు రాయమంది. రాయవచ్చు కూడా. లూయీ బాడీ డిమెన్షియాలో రివాస్టిగ్మిన్ పనిచేస్తుందని 2000 నాటి ట్రయల్ నుంచీ తెలుసు. కానీ ఆ మందు మెదడులో ఎసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది, ఆయన వాడుతున్న ట్రైహెక్సీఫెనిడిల్ అదే ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది. ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో పారబోసినట్టు. పైగా ఈ జబ్బులో ఎసిటైల్‌కోలిన్ అసలే బాగా తగ్గిపోయి ఉంటుంది. అందుకే కొత్త మందు పక్కన పెట్టి, పాత మందులు తీయడంతో మొదలుపెట్టాం. రెండిటినీ ఒకేసారి తీయలేదు. ట్రైహెక్సీఫెనిడిల్‌ను ముందు నెమ్మదిగా తగ్గించి ఆపాం. చేతుల బిగుతు కొంచెమే పెరిగింది, అన్నం తినడానికి ఇబ్బంది లేదు.

ఆల్ప్రజోలామ్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఏడాదికి పైగా రోజూ వేసుకున్న మాత్రను ఒక్కసారి ఆపితే ఫిట్స్ రావచ్చు, మనిషి పూర్తిగా గందరగోళంలో పడొచ్చు. రెండు వారాలకోసారి కొంచెం కొంచెం తగ్గించాం. నిద్ర పరీక్షను కూడా ఇందుకే వాయిదా వేశాను. ఆ మాత్ర నిద్ర దశలను మార్చేస్తుంది, ఆర్‌బీడీ కదలికలను అణచివేయగలదు, గురకలో ఊపిరి ఆగడాన్ని పెంచగలదు. మాత్ర మీద ఉండగా చేసిన నిద్ర పరీక్ష జబ్బు గురించి ఎంత చెబుతుందో, మాత్ర గురించీ అంతే చెబుతుంది.

ఈ కాలం కుటుంబానికి నరకం. మాత్ర తగ్గేకొద్దీ రాత్రులు అధ్వానమయ్యాయి. కేకలు పెరిగాయి. కొడుకు ఫోన్ చేసి ఏదైనా ఇంజెక్షన్ ఇప్పించమని అడిగాడు. అలాంటప్పుడు ఊళ్లో తేలిగ్గా దొరికేది హాలోపెరిడాల్, మానసిక ఉద్రేకాన్ని అణిచే మందు. లూయీ బాడీ రోగుల్లో ఇలాంటి మందులకు ఒళ్లంతా బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చని 1992లోనే ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ వైద్యులు హెచ్చరించారు. అందుకే ‘ఈ రోగికి హాలోపెరిడాల్ ఇవ్వకూడదు’ అని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆయన ఆరోగ్యశ్రీ కార్డు ఉండే కవర్లోనే పెట్టించాను. ఎమర్జెన్సీలో ఎవరు చూసినా ముందు అదే కనపడాలి. మంచం తీసేసి నేల మీద పరుపు వేయించాం. పక్కనున్న స్టీలు బిందె, గాజు సీసా, బల్ల గది బయటికి పంపాం. మందు లేకుండా చేయగలిగిన రక్షణ అదే, అది బాగానే పనిచేసింది.

రెండు మందులూ పోయాక పరీక్ష పెడితే 64 వచ్చాయి. ఇంకా నిద్రకు ఏ చికిత్సా మొదలుకాలేదు. ఈ ఆరు మార్కుల తేడా మందుల వాటా అని నా అంచనా.

నిద్ర పరీక్ష

గురక, ఊపిరి ఆగడం ఉన్నాయి కాబట్టి నిద్ర పరీక్ష తప్పనిసరి అనుకున్నాను. నిద్రలో ఊపిరి తీవ్రంగా ఆగిపోయే రోగులు ఉక్కిరిబిక్కిరై లేస్తూ అచ్చం ఆర్‌బీడీ లాగే తంతారు, అరుస్తారు. 2005లో బార్సిలోనా వైద్యులు ఇలాంటి కేసులనే వర్ణించారు. వాళ్లకు ఊపిరి సమస్య సరిచేస్తే తన్నడం కూడా పోయింది. మన పెద్దాయనది కూడా అదే అయితే లూయీ బాడీ అన్న నా వాదనలో ఒక స్తంభం కూలిపోతుంది.

నగరంలోని స్లీప్ ల్యాబ్‌కు పంపేటప్పుడు ఒక మాట రాసిచ్చాను. ఈయన ఎనిమిదింటికే పడుకుని నాలుగింటికి లేచే మనిషి. రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టి వైర్లు తగిలిస్తే సగం నిద్ర పోయాక కొలిచినట్టే. వాళ్లు సమయం మార్చారు, కొడుకును పక్కనే పడుకోనిచ్చారు.

ఫలితంలో రెండూ ఉన్నాయి. గంటకు 29 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగింది, ఆక్సిజన్ ఒక దశలో 81 శాతానికి పడింది. రెమ్ నిద్రలో గడ్డం, చేతుల కండరాలు సడలలేదు. ఊపిరి సక్రమంగా ఆడుతున్న రెమ్ భాగాల్లో కూడా సడలలేదు. నాకు కావాల్సిన సమాధానం ఆ చివరి వాక్యంలో ఉంది. ఆర్‌బీడీ నిజమే, ఊపిరి సమస్య దాని మీద అదనం.

పనిచేయనివి

ఊపిరి సమస్య ఎక్కువ హాని చేస్తుంది కాబట్టి ముందు సీప్యాప్ యంత్రం (మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపి ఊపిరి దారి మూసుకుపోకుండా చూసేది) పెట్టించాం. కుదరలేదు. అర్ధరాత్రి కలలో ఆయన మాస్క్‌తోనే పోట్లాడేవారు. లాగి విసిరేసేవారు. ముఖానికి ఏదో జంతువు పట్టుకుందని తెల్లవారి చెప్పారు. కోడలు రాత్రి రెండింటికి లేచి మళ్లీ తగిలించేది. ఇంట్లో అందరి నిద్రా పోయింది. కొన్ని వారాల తర్వాత ఆపేశాం.

పగటి నిద్రను పూర్తిగా మాన్పించడం కూడా దెబ్బతీసింది. నిద్ర అలవాట్ల మీద ఏ కరపత్రం చూసినా పగలు పడుకోవద్దనే ఉంటుంది. జీవితమంతా మధ్యాహ్నం ఎండకు పొలం నుంచి వచ్చి కాసేపు నడుం వాల్చిన మనిషికి అది మాన్పిస్తే సాయంత్రం అయిదు నుంచి చిరాకు, పెరట్లో పిల్లలు ఎక్కువగా కనిపించడం మొదలైంది. అన్నం తిన్నాక, రెండు లోపు, అరగంట మాత్రం అని మార్చాం. సాయంత్రాలు కుదుటపడ్డాయి.

క్లోనజెపామ్ గురించి చాలామంది అడుగుతారు. ఆర్‌బీడీకి పాత మందు అదే. నేను ఇవ్వలేదు. మతిమరుపు, పడిపోయే ప్రమాదం, చికిత్స అందని ఊపిరి సమస్య మూడూ ఉన్న మనిషికి అది తగదు. అది కూడా ఆల్ప్రజోలామ్ లాగే బెంజోడయాజెపిన్ రకం మందు. ఇప్పుడే కష్టపడి ఒకటి మాన్పించి ఇంకోటి పెట్టడంలో అర్థం లేదు.

పనిచేసినవి

సీప్యాప్ విఫలమైన తీరులోనే దారి దొరికింది. ఆయనకు మాస్క్‌తో గొడవ లేదు, కలతో గొడవ. అందుకని వరస తిప్పాం. ముందు కలను నెమ్మదించాలి, తర్వాత మాస్క్. పడుకునే గంట ముందు మెలటోనిన్ (నిద్రవేళను ఒంటికి తెలిపే హార్మోన్) మాత్ర 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారాల వ్యవధిలో 9 దాకా పెంచాం. 3 దగ్గర ఏ తేడా లేదు. 6 దగ్గర కేకలు తగ్గాయి. 9 దగ్గర పందులు రావడం ఎప్పుడో ఒకసారికి వచ్చింది. ఇది కలవరింతలను తగ్గిస్తుంది కానీ వెనకున్న జబ్బును ఆపదని కుటుంబానికి స్పష్టంగా చెప్పాను.

అప్పుడు మళ్లీ సీప్యాప్. ఈసారి ముఖమంతా కప్పేది కాకుండా ముక్కుకు మాత్రమే ఉండేది. మొదట పగలే, మేలుకుని ఉండగా, టీవీలో పౌరాణిక నాటకం చూస్తూ పెట్టుకున్నారు. గాలి ఒత్తిడి నెమ్మదిగా పెరిగేలా యంత్రాన్ని సెట్ చేశారు. రాత్రికి నాలుగైదు గంటలు నిలబడింది. అంతకన్నా ఎక్కువ కోసం నేను పట్టుబట్టలేదు. కోడలి నిద్ర పాడుచేసే చికిత్స ఏ ఇంట్లోనూ ఎక్కువ కాలం సాగదు.

ఈ దశ కుదురుకున్నాక మార్కులు 69. ఆ తర్వాతే, ఈసీజీ తీసి గుండె వేగం మరీ తక్కువ లేదని చూసుకుని, రివాస్టిగ్మిన్ పట్టీ మొదలుపెట్టాం. మార్కులు 71 దగ్గర ఆగాయి, కానీ పెరట్లో పిల్లలు దాదాపు మాయమయ్యారు. ఎప్పుడైనా కనిపించినా ‘వాళ్లు నిజం కాదులే’ అని ఆయనే అనేవారు.

నోటుపుస్తకం చెప్పింది

మొదటి వారం నుంచి భార్య ఒక నోటుపుస్తకం పెట్టింది. ఆమెకు చదవడం కొంచెమే వచ్చు. అందుకని ఒక పక్క రాత్రి, ఒక పక్క పగలు గళ్లు గీసిచ్చాం. మంచిదైతే గుండ్రం, చెడ్డదైతే అడ్డగీత. ఈ కేసులో నాకు అన్ని స్కాన్లకన్నా విలువైన కాగితం అదే.

అందులో చెడ్డ రాత్రి తర్వాత ఎక్కువగా మబ్బు పట్టిన పగలే వచ్చింది. చికిత్స కుదిరాక అలాంటి జంటలు తగ్గాయి. కానీ బాగా నిద్రపోయిన రాత్రి తర్వాత కూడా అప్పుడప్పుడు మబ్బు రోజులు వచ్చాయి, అవి చివరిదాకా వస్తూనే ఉన్నాయి. మొదటి రకం నిద్ర వాటా. రెండో రకం లూయీ బాడీ జబ్బు తనంతట తాను చేసే ఎగుడుదిగుడు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. పక్కన రాత్రి గడి లేకపోతే ఎవరూ వేరు చేయలేరు.

పరీక్ష లోపల కూడా అదే కథ. పెరిగిన మార్కుల్లో ఎక్కువ భాగం ఏకాగ్రతలో, తనంతట తాను గుర్తు తెచ్చుకోవడంలో వచ్చాయి. గడియారం బొమ్మ మాత్రం మొదటి రోజు ఎలా ఉందో ఆఖరి రోజూ అలాగే ఉంది. నిద్ర బాగుపడితే తిరిగొచ్చేది ఏదో, రానిది ఏదో ఈ తేడాలో కనిపించింది.

పరిశోధన చెబుతున్న దానికి ఇది ఎక్కడ కలుస్తుంది? గాఢ నిద్రలో వచ్చే నెమ్మది తరంగాలు హిప్పోక్యాంపస్‌లో పగలు పోగైన విషయాలు మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో స్థిరపడటానికి తోడ్పడతాయి. 2015లో అమెరికాలోని బర్కిలీ బృందం, మెదడు ముందు భాగంలో అమిలాయిడ్ (ఆల్జీమర్స్‌లో కనిపించే ప్రొటీన్) పేరుకున్న పెద్దవాళ్లలో ఈ తరంగాలు బలహీనపడటం, రాత్రి గడిచాక జ్ఞాపకం తగ్గడం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని చూపింది. నిద్రలో మెదడు వ్యర్థాలు వేగంగా కడిగేసుకుంటుందని 2013లో ఎలుకల మీద వచ్చిన పరిశోధన బాగా ప్రచారమైంది. 2024లో లండన్ పరిశోధకులు ఎలుకల్లోనే దానికి విరుద్ధమైన ఫలితం చూపారు. ‘నిద్రపోతే మెదడు శుభ్రమై డిమెన్షియా రాదు’ అని రోగులకు చెప్పే డాక్టర్లు ఈ రెండోది కూడా చదవాలి. నిద్రలో ఊపిరి సమస్య విషయంలో, 2008లో వచ్చిన ఒక అమెరికా ట్రయల్‌లో ఆల్జీమర్స్ కూడా ఉన్న 52 మందికి సీప్యాప్ వాడితే, మూడు వారాల చికిత్సకు ముందూ తర్వాతా పోల్చినప్పుడు మార్కుల్లో కొంత మెరుగు కనిపించింది. మా పెద్దాయనలో వచ్చిన మార్పు కూడా ఆ స్థాయిదే. అయితే ఇది ఒక్క రోగి కథ. మేం ఒక్కొక్కటే మార్చినా, కాలం, అలవాటు, ఇంట్లోవాళ్ల శ్రద్ధ కూడా పక్కనే పనిచేశాయి. మార్కుల తేడాను మందు ఇంత, నిద్ర ఇంత అని నేను పంచడం నా అంచనా మాత్రమే.

ఇందులో నేర్చుకోవాల్సింది

మెమరీ క్లినిక్‌కు వచ్చిన ప్రతి మనిషి విషయంలోనూ పక్కన పడుకునేవాళ్లను విడిగా అడగాలి. నిద్రలో కలలకు తగ్గట్టు కదులుతారా అన్న ఒక్క ప్రశ్నకు ఖర్చు లేదు, ఈ జబ్బులో దానంత విలువైన పరీక్షలు కొద్దే. తీయాల్సిన మందులు తీశాకే పెట్టాల్సిన మందులు. సీప్యాప్ కుదరలేదంటే రోగి సహకరించలేదని రాసేయకుండా, ఏ గంటలో ఎందుకు తీసేస్తున్నారో చూడాలి.

భార్య నన్ను ఒక ప్రశ్న అడిగింది. ‘పదేండ్ల కిందటే వచ్చింటే ఆగిపోయేదా సార్?’ ఆగేది కాదమ్మా అని చెప్పాను. ఆర్‌బీడీ నుంచి డిమెన్షియాకు వెళ్లకుండా ఆపుతుందని రుజువైన మందు నేటికీ లేదు. ముందే తెలిసి ఉంటే ఆ రెండు మందులు పడేవి కావు, కనుబొమ్మ చిట్లేది కాదు, పొలం కాగితాల పని తెలివి నిలకడగా ఉన్నప్పుడే ముగించుకునేవాళ్లు. ముందుగా గుర్తించడంలో ప్రయోజనం అంతవరకే అయినా, ఆ కుటుంబానికి అది చిన్నది కాదు.

ఏడాది తర్వాతి పరీక్షలో మార్కులు 66కు దిగాయి. నోటుపుస్తకంలో రాత్రులు బాగానే ఉన్నాయి, మందులు మారలేదు. కాబట్టి ఈ తగ్గుదల జబ్బుదేనని ఈసారి కుటుంబానికి తేలిగ్గా వివరించగలిగాను, నిద్ర మాత్ర కోసం ఎవరూ అడగలేదు. బరువు నాలుగు కిలోలు తగ్గారు కాబట్టి సీప్యాప్ ఒత్తిడి మళ్లీ సరిచూడాలి. నడకలో తూలడం మొదలైంది, ఫిజియోథెరపీకి పంపాం. పార్కిన్సన్స్ బిగుతుకు వాడే లెవోడోపా కొద్ది మోతాదులో ఇవ్వాలా, ఇస్తే పెరట్లో పిల్లలు తిరిగొస్తారా అన్నది వచ్చే నెల కుటుంబంతో కూర్చుని నిర్ణయిస్తాం.